నాలుగో అంతస్తులో 20 వాట్లు: ఒక ట్యూబ్ ఆంప్, నాలుగు పెడళ్లు

సికింద్రాబాద్‌లోని ఒక వాద్యాల దుకాణంలో నేను గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ పెట్టె) వాల్యూమ్ నాబ్‌ను మూడు దాటించి ఒక్క పవర్ కార్డ్ (రాక్‌లో వాడే రెండు స్వరాల జత) వాయించేసరికి, వెనక గోడకు వేలాడుతున్న ఉకులేలేల తీగలు వాటంతటవే జుమ్మని మోగాయి. కౌంటర్ దగ్గరి కుర్రాడు పరుగున వచ్చి, "అన్నా, జర తక్కువ పెట్టు, కింద బట్టల షాపోళ్లు లొల్లి చేస్తరు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ట్యూబ్ ఆంప్ గొంతు విప్పేది గట్టిగా వాయించినప్పుడే. అలా గట్టిగా వాయించగల చోటు మనకు కొనేటప్పుడు దుకాణంలోనూ ఉండదు, కొన్నాక ఇంట్లోనూ ఉండదు. ఎనిమిది నెలల క్రితం నేను మార్షల్ డీఎస్‌ఎల్20సీఆర్ అనే ట్యూబ్ ఆంప్ కొన్నాను. దానికి జతగా నాలుగు పెడళ్లను (గిటార్ స్వరాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బాలను) కొన్నిటిని కొని, కొన్నిటిని అరువు తెచ్చుకుని వాయించి, చివరికి రెండింటిని మాత్రమే ఉంచుకున్నాను. ఈ సమీక్ష ఆ ఆంప్ గురించీ ఆ పెడళ్ల గురించీ, ముందు దేన్ని ఎంచుకుని తర్వాత దేన్ని ఎంచుకోవాలన్న దాని గురించీ.

ఏ గిటార్‌తో, ఎక్కడ వాయించారో చెప్పని ఆంప్ సమీక్ష ఉప్పెంతో చెప్పని వంట చిట్కా లాంటిది కాబట్టి ముందుగా ఆ వివరాలు చెప్పుకోవాలి. మాది మల్కాజిగిరిలో రెండు పడక గదుల ఫ్లాట్, నాలుగో అంతస్తు. శనివారాల్లో సైనిక్‌పురి వైపు గంటకింతని అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్‌లో నలుగురం కలిసి వాయిస్తాం. 1970ల హార్డ్ రాక్ ధోరణి పాటలు, మధ్యలో మేం కట్టుకున్న తెలుగు పాటలు మూడు నాలుగు. నా దగ్గర హంబకర్లున్న (తీగల కదలికను పట్టే పికప్‌లో రెండేసి తీగచుట్టలున్న) గిటార్ ఒకటి, సింగిల్ కాయిల్ (ఒక్కటే చుట్ట ఉన్న) గిటార్ ఒకటి ఉన్నాయి. మెటల్ వాయించను. అందువల్ల ఇక్కడ నేను చెప్పే తీర్పులు ఆ సంగీతానికి చాలవరకు వర్తించవు.

ట్యూబ్ అంటే మరేమీ కాదు, పాతకాలపు రేడియోల్లో ఉండే వాల్వే. మా తాతగారి ఇంట్లో వార్తల సమయానికి రెండు నిమిషాల ముందే రేడియో పెట్టేవారు, ఎందుకంటే లోపలి తీగ ఎర్రబడి వేడెక్కేదాకా అది పలికేది కాదు. గిటార్ ఆంప్‌లోనూ అదే తంతు. గిటార్ పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబ్‌లు అంచెలంచెలుగా పెంచుతాయి. యూరప్ వారు ఈసీసీ83 అనేదీ ఇదే. ఆ పెరిగిన సంకేతానికి స్పీకర్‌ను కదిలించేంత బలాన్ని ఈఎల్34, ఈఎల్84, 6ఎల్6 వంటి పెద్ద ట్యూబ్‌లు ఇస్తాయి. ట్యూబ్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ సంకేతం వచ్చినప్పుడు తరంగపు శిఖరం నునుపుగా ఒరిగి చదునవుతుంది. మనం డిస్టార్షన్ అనేది ఆ చదునునే. చేతితో మెల్లగా మీటితే స్వరం శుభ్రంగా రావడం, గట్టిగా మీటితే గరగరలాడడం, గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను కాస్త తగ్గిస్తే మళ్లీ శుభ్రపడడం, ఈ ఇచ్చిపుచ్చుకోవడం కోసమే జనం పదహారు కిలోల పెట్టెను మెట్లెక్కించడానికి సిద్ధపడతారు.

ఇక వాట్ల సంగతి. దీని దగ్గర కాస్త ఆగక తప్పదు, ఎందుకంటే నాకు తెలిసినవారిలో ఆంప్ కొని చింతించినవారందరూ ఇక్కడే లెక్క తప్పారు. నలభై వాట్ల ఆంప్ ఇరవై వాట్ల ఆంప్‌కన్నా రెట్టింపు గట్టిగా మోగుతుందనుకోవడం సహజం, కానీ వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. చెవికి సుమారు రెట్టింపుగా తోచాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. ఇదే లెక్కను కిందికి దింపి చూడండి. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్లు సాధారణంగా ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ పలుకుతాయి. 98 అనుకుంటే పది వాట్లకు 108, ఇరవై వాట్లకు 111. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మధ్యలో గోడలు మింగేది మింగినా, ఫ్లాట్‌లో ఒక్క వాట్ ట్యూబ్ ఆంప్ కూడా ఎక్కువే.

కాబట్టి దుకాణంలో "ఇల్లే కద సార్, అయిదు వాట్లది తీస్కోండ్రి" అని ఇచ్చే సలహాలో మంచి మనసు ఉంది కానీ లెక్క లేదు. అయిదు వాట్లకూ ఇరవై వాట్లకూ తేడా ఆరు డెసిబెల్స్. అయిదు వాట్ల ఆంప్‌ను దాని ట్యూబ్‌లు చెమటోడ్చేదాకా పెంచినా కింది అంతస్తువారు పైకి వస్తారు, ఇరవై వాట్లదాన్ని పెంచినా వస్తారు. తేడా మరోచోట తెలుస్తుంది. జామ్ రూమ్‌లో డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద కొట్టే దెబ్బకు అయిదు వాట్ల ఆంప్ క్లీన్ (గరగర లేని) స్వరం నిలవదు, ఇరవై వాట్లది నిలుస్తుంది. పదిహేను నుంచి ఇరవై వాట్ల మధ్యలో ఉన్నదాన్ని తీసుకుని, ఇంట్లో దాన్ని ఎలా అణచాలో విడిగా ఆలోచించుకోవాలన్న నిర్ణయానికి నేను వచ్చింది అందుకే. ఇంట్లో మాత్రమే వాయించేవారికి మార్షల్ డీఎస్‌ఎల్1 ఉంది. అది ఒక వాట్‌ది, పదో వంతు వాట్‌కు తగ్గించుకునే వీలు కూడా ఉంది. ఆ పదో వంతు వాట్ సైతం మన లెక్కలో 88 డెసిబెల్స్!

చివరికి మూడు ఆంప్‌లు మిగిలాయి. ఫెండర్ బ్లూస్ జూనియర్ పదిహేను వాట్లది, రెండు ఈఎల్84 ట్యూబ్‌లు, పన్నెండు అంగుళాల స్పీకర్, పద్నాలుగు కిలోల బరువు. 1990ల నుంచి వస్తున్న ఈ ఆంప్ క్లీన్ స్వరం, స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగులతో పుట్టించే ప్రతిధ్వని) చక్కగా ఉంటాయి. పెడళ్లను నమ్ముకునేవారికి మంచి పునాది. అయితే దీనికి ఒక్కటే ఛానల్ (స్వరాన్ని పెంచే దారి), ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ ముందు దశ తర్వాత పెడళ్లు తగిలించుకునే జాక్‌లు) లేదు. ఆంప్‌లో గెయిన్ (ముందు దశలో సంకేతాన్ని పెంచే మోతాదు) పెంచి డిస్టార్షన్ రాబట్టి, దాని తర్వాత డిలే (స్వరాన్ని ఆలస్యంగా మళ్లీ వినిపించే) పెడల్ పెట్టుకుందామంటే కుదరదు. రెండోది వాక్స్ ఏసీ15. ఒక మిత్రుడి దగ్గర రెండు సాయంత్రాలు వాయించాను. ఇందులోనూ రెండు ఈఎల్84లే అయినా గొంతు పూర్తిగా వేరు, పైస్థాయిలో గాజు మీద గాజు తగిలినట్టుంటుంది. సింగిల్ కాయిల్ గిటార్‌తో దాన్ని విన్నాక ఒక రాత్రి నిద్ర పట్టలేదన్నది నిజం. కానీ మా పాటల్లో సగానికి కావలసిన బరువైన రిఫ్ (మళ్లీమళ్లీ వచ్చే చిన్న స్వర వరుస) దాని స్వభావంలో లేదు.

మూడోది డీఎస్‌ఎల్20సీఆర్. డీఎస్‌ఎల్ అంటే డ్యూయల్ సూపర్ లీడ్. ఈ వంశపు మూలపురుషుడు 1962లో లండన్ శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో పుట్టిన జేటీఎం45. అది ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని తయారైనది. జిమ్ మార్షల్ స్వయంగా డ్రమ్మర్, డ్రమ్స్ నేర్పిన గురువు; గిటారిస్టుల చెవులు చిల్లులు పడే యంత్రాన్ని ఒక డ్రమ్మర్ దుకాణం లోకానికిచ్చిందని మా డ్రమ్మర్ వారానికోసారి గుర్తు చేస్తుంటాడు.

ఆంప్ విషయానికి వస్తే, ఇందులో పవర్ ట్యూబ్‌లు రెండు ఈఎల్34, ముందు దశలో మూడు ఈసీసీ83. క్లాసిక్ గెయిన్, అల్ట్రా గెయిన్ అని రెండు ఛానళ్లు. ఒక్కోదానికి విడిగా గెయిన్, వాల్యూమ్ ఉన్నాయి, కాలితో ఛానల్ మార్చుకోవచ్చు. పై, మధ్య, అడుగు స్థాయిలను సరిచేసే ట్రెబుల్, మిడిల్, బాస్ నాబ్‌లు (ఈక్వలైజర్) మాత్రం రెండింటికీ ఉమ్మడి. కాగితం మీద ఇది చిన్న లోపంగా కనబడుతుంది, వాడుకలో పెద్దదే. క్లాసిక్ ఛానల్‌కు బాగున్న ట్రెబుల్, అల్ట్రా ఛానల్‌కు వచ్చేసరికి ముల్లులా గుచ్చుతుంది. అల్ట్రాకు సరిచేస్తే క్లాసిక్ మందకొడిగా తయారవుతుంది. నేను క్లాసిక్ ఛానల్‌కే ఈక్వలైజర్ సరిచేసుకుని, అల్ట్రా ఛానల్‌ను దాదాపు మరచిపోయాను. అల్ట్రా ఛానల్‌లో గెయిన్ సగం దాటితే స్వరాల మధ్య గీతలు చెరిగిపోతాయి. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు అది గొప్పగా ఉంటుంది, బ్యాండ్‌లోకి వెళ్లగానే కందిరీగల తుట్టెలా మారుతుంది. మధ్యస్థాయిని తవ్వేసే టోన్ షిఫ్ట్ బటన్‌ను కూడా అంతే, ఇంటి దగ్గర రెండు రోజులు మురిసిపోయి జామ్ రూమ్‌లో మూడో రోజు ఆపేశాను.

క్లాసిక్ గెయిన్ ఛానల్ మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. హంబకర్ గిటార్‌తో గెయిన్‌ను ఆరు, ఏడు మధ్య ఉంచితే, మెల్లగా మీటినప్పుడు దాదాపు శుభ్రంగా, గట్టిగా మీటినప్పుడు రిఫ్‌కు కావలసిన గరుకుతో పలుకుతుంది. ఈ అంచు మీద దాన్ని నిలబెట్టడమే ఈ ఆంప్‌తో నేర్చుకోవలసిన విద్య, పెడళ్ల ఎంపిక అంతా దీని మీదే ఆధారపడుతుంది.

పది వాట్లకు తగ్గించే స్విచ్ గురించి ఆశలు పెట్టుకోవద్దు. ఇప్పటికే లెక్క చూశాం, సగం వాట్లంటే మూడు డెసిబెల్స్ తగ్గింపే. రాత్రి వాయింపుకు పనికొచ్చేది వెనకనున్న ఎఫెక్ట్స్ లూప్. ఆ లూప్‌లో ఒక చిన్న వాల్యూమ్ డబ్బా పెట్టి, దాన్ని బాగా తగ్గించి, ఆంప్ వాల్యూమ్‌ను మూడు, నాలుగు దగ్గర ఉంచాను. లేకపోతే వాల్యూమ్ నాబ్ సున్నాకూ ఒకటికీ మధ్య వెంట్రుకవాసి కదిపినా గుసగుస కాస్తా గర్జన అయిపోతుంది. ఇలా చేస్తే ముందు దశ ట్యూబ్‌ల గరుకు వస్తుంది, పవర్ ట్యూబ్‌ల ఒత్తిడి, స్పీకర్ కదలిక రావు. అవీ కావాలంటే ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ (ఆంప్ బలాన్ని కొంత మింగేసే పెట్టె) పెట్టాలి, అది మరో ఖర్చు. స్పీకర్ తీసేసి ఆంప్‌ను ఉత్తినే నడిపే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకూడదు. భారం లేని ట్యూబ్ ఆంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇంట్లో కుదిర్చిన ధ్వని జామ్ రూమ్‌లో ఎందుకు పనికిరాదో అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. శబ్దం తక్కువైనప్పుడు మన చెవి అడుగుస్థాయిని బాగా తక్కువగా, పైస్థాయిని కొంత తక్కువగా వింటుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపారు. అందుకని ఇంట్లో మనం తెలియకుండానే బాస్, ట్రెబుల్ పెంచుకుంటాం. అవే స్థానాలతో జామ్ రూమ్‌లో వాల్యూమ్ పెంచితే బాస్ గిటార్‌తో పొట్లాట, సింబల్స్‌తో పొట్లాట, నడుమ మన గిటార్ మాయం. బారాత్‌లో తీన్‌మార్ దరువు ఎంత హోరెత్తినా పాట ఎత్తుకున్న ట్రంపెట్ వీధి చివరిదాకా వినిపించడానికి కారణం దాని బలమంతా మధ్యస్థాయిలో ఉండడమే. గిటార్ ఇల్లు కూడా అక్కడే. ఇప్పుడు నేను జామ్ రూమ్‌కు వెళ్లగానే మొదట చేసే పని బాస్ నాబ్‌ను నాలుగుకు దింపి, మిడిల్‌ను ఏడుకు ఎక్కించడం.

పెడళ్ల దగ్గర నేను చేసిన పొరపాటు వరుసలో ఉంది. ఆంప్ రాకముందే, రాక్ అంటే డిస్టార్షన్ పెడల్ ఉండాలి కదా అని బాస్ (Boss) అనే కంపెనీ డీఎస్-1 కొన్నాను. 1978 నుంచి తయారవుతున్న ఈ నారింజరంగు డబ్బా చౌక, గట్టిది, కారు చక్రం కింద పడినా పనిచేసేలా ఉంటుంది. దీనిలో డయోడ్లు అనే చిన్న భాగాలు హద్దు దాటిన సంకేతాన్ని నేరుగా భూమికి (సర్క్యూట్ గ్రౌండ్‌కు) తుంచేస్తాయి, కాబట్టి తరంగపు తల కత్తితో కోసినట్టు చదునవుతుంది. దీని టోన్ సర్క్యూట్ 500 హెర్ట్జ్ పరిసరాల్లో ఒక గుంట తీస్తుంది. చీకటి గొంతున్న, పూర్తి క్లీన్ ఆంప్‌లోకి పంపి, టోన్ నాబ్‌ను గడియారంలో పది గంటల ముల్లు స్థానం దాటనీయకుండా వాడితే ఇది ముచ్చటగానే ఉంటుంది. కానీ అప్పటికే సొంత గరుకున్న డీఎస్‌ఎల్ క్లాసిక్ ఛానల్‌లోకి దీన్ని పంపడం సాంబారులో మళ్లీ పులుసు పోయడమే. రెండు డిస్టార్షన్లు ఒకదాన్నొకటి తొక్కుకుని, కార్డ్ వాయిస్తే అందులో ఏ స్వరాలున్నాయో పోల్చుకోలేని స్థితి వచ్చింది.

అప్పుడు అర్థమైంది, ట్యూబ్ ఆంప్‌కు కావలసింది డిస్టార్షన్‌ను తయారుచేసే పెడల్ కాదు, ఆంప్ తయారుచేసే డిస్టార్షన్‌ను ముందుకు నెట్టే పెడల్. దీన్నే ఓవర్‌డ్రైవ్ అంటారు. ఈ పనికి పేరు మోసినది ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్. 1970ల చివర సుసుము తమురా రూపకల్పనతో టీఎస్808గా వచ్చింది, 1982లో టీఎస్9 అయింది. పేరులో ట్యూబ్ ఉన్నా లోపల ట్యూబేమీ లేదు, ఒక చిన్న చిప్, రెండు డయోడ్లు ఉంటాయి. దీని గొప్పతనం తీసేయడంలో ఉంది. సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన గెయిన్ క్రమంగా తగ్గుతూ పోతుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది కనుక, ఆ అడుగుస్థాయి బురద ఆంప్‌ను చేరకముందే పలచబడుతుంది. డ్రైవ్‌ను దాదాపు సున్నాలో, లెవెల్‌ను బాగా పైన ఉంచి క్లాసిక్ ఛానల్‌లోకి పంపితే, పామ్ మ్యూట్ చేసిన (అరచేతి అంచు తీగలకు ఆనించి వాయించిన) ప్రతి దెబ్బా విడివిడిగా వినబడుతుంది, సోలో స్వరం సాగుతుంది, బ్యాండ్ మధ్యలోంచి గిటార్ తల ఎత్తుతుంది. ఒంటరిగా విన్నప్పుడు మాత్రం ముక్కుతో పాడినట్టుంటుంది, అందుకే ఇంట్లో విని చాలామంది దీన్ని తిరస్కరిస్తారు.

నేను టీఎస్9ను ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకుని నెల రోజులు వాడాను. ఆ తర్వాత దాని సగం ధరకే దొరికే బాస్ కంపెనీ ఎస్‌డీ-1 కొనుక్కున్నాను. పసుపుపచ్చ ఎస్‌డీ-1 వచ్చింది 1981లో. ఆలోచన దాదాపు ట్యూబ్ స్క్రీమర్‌దే, కాకపోతే డయోడ్లు రెండు కాక మూడు, అందుచేత తరంగం పైవైపు ఒకలా, కిందివైపు మరోలా ఒరుగుతుంది. ఫలితంగా కాస్త ఎక్కువ గరుకు, కాస్త తక్కువ ముక్కు. ఒకే రోజు, ఒకే గిటార్, ఒకే ఆంప్‌తో రెండింటినీ మార్చి మార్చి వాయిస్తే మా బాసిస్ట్ కళ్లు మూసుకుని అయిదుసార్లలో మూడుసార్లే సరిగా చెప్పగలిగాడు. డ్రైవ్ తక్కువగా పెట్టుకుని ఆంప్‌ను నెట్టడానికే వాడేవారు టీఎస్9కు రెట్టింపు ధర ఇవ్వనక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. డ్రైవ్‌ను సగానికి పైగా పెంచి క్లీన్ ఆంప్‌లోకి వాడేవారికైతే టీఎస్9 నునుపు విలువైనదే, బ్లూస్ జూనియర్ ఉన్నవారు ముందుగా దాన్నే చూడాలి.

నాలుగోది ప్రోకో ర్యాట్. ఇది ఓవర్‌డ్రైవ్‌కూ ఫజ్‌కూ (ఇంకా మొరటైన డిస్టార్షన్‌కూ) నడుమ ఎక్కడో కాపురముంటుంది. దీని ఫిల్టర్ నాబ్ మిగతా లోకానికి ఎడ్డెమంటే తెడ్డెమంటుంది, కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. తెలియక మొదటి రోజు అరగంటసేపు పెడల్ చెడిపోయిందనుకున్నాను. డిస్టార్షన్‌ను తక్కువగా, ఫిల్టర్‌ను మధ్యలో ఉంచి, ఆంప్ గెయిన్‌ను మూడుకు తగ్గించి వాయిస్తే అడుగుస్థాయి చెదరకుండా, బొంగురు గొంతుతో, మొరటుగా పలుకుతుంది. మా తెలుగు పాటల్లో ఒకదానికి నేను రెండేళ్లుగా వెతుకుతున్న ధ్వని ఇదే. డీఎస్-1 లాగే ఇదీ డయోడ్లతో భూమికి తుంచే రకమే అయినా ఆంప్ గరుకుతో దీనికి పొత్తు కుదిరింది, దానికి కుదరలేదు. తేడా మధ్యస్థాయిలో ఉంది, ర్యాట్ అక్కడ గుంట తవ్వదు.

పెడళ్ల విద్యుత్తు గురించి ఒక్క మాట. వీటిలో ఎక్కువవాటికి ప్లగ్ నడుమ భాగం నెగటివ్‌గా ఉన్న తొమ్మిది వోల్టుల అడాప్టర్ కావాలి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అన్నింటికీ ఇస్తే, ముఖ్యంగా వాటిలో డిజిటల్ డిలే ఒకటి ఉంటే, ఈలలాంటి సన్నని కూత వస్తుంది. విడివిడి అవుట్‌పుట్‌లున్న సప్లై కొన్నాక అది పోయింది. ఆ డబ్బుతో ఇంకో పెడల్ వచ్చేదే అని బాధ కలుగుతుంది గానీ, పెట్టాల్సింది అక్కడే.

గోడ ప్లగ్ దగ్గర జాగ్రత్త ఇంకా ముఖ్యం. అమెరికా నుంచి తిరిగొచ్చే కుటుంబాలు అమ్మే సామానులో ట్యూబ్ ఆంప్‌లు అప్పుడప్పుడు మంచి ధరకు కనబడతాయి. నాకు పరిచయమున్న ఒక కుర్రాడు అలా కొండాపూర్‌లో ఒకటి కొని, ఇంటికి తెచ్చి, ప్లగ్ మార్చి నేరుగా మన 230 వోల్టులకు తగిలించాడు. అది 120 వోల్టుల ఆంప్. ఫ్యూజ్ పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయింది. అలాంటి ఆంప్ కొనేవారు వెనక పలక మీద వోల్టేజ్ చదవాలి, తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చును, బరువును ధరలో కలుపుకుని చూసుకోవాలి. ఇక కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద ఆంప్ పెట్టే ఆలోచన మానుకోండి. చదరపు తరంగం ఇచ్చే రకమైతే స్పీకర్ గుయ్యిమంటుంది.

ఎర్తింగ్ విషయంలో ఒక అనుభవం నా పెదవికి ఇంకా గుర్తుంది. మొదట్లో మేం వెళ్లే మరొక జామ్ రూమ్‌లో ఆంప్ ప్లగ్‌కు ఎర్తింగ్ సరిగా లేదు, మైక్ ఉన్న మిక్సర్‌కు ఉంది. గిటార్ తీగల మీద చేయి ఉంచి, పాడడానికి మైక్‌కు పెదవి ఆనించగానే చురుక్కుమంది. ఇలాంటి షాక్ ప్రాణం మీదికి కూడా రావచ్చు. హమ్ (గుయ్యిమనే మోత) తగ్గుతుందని ఎర్త్ పిన్ తీసేయమనే సలహాదారులు ప్రతి బ్యాండ్‌కూ ఒకరుంటారు, వారి మాట వినకండి. హమ్ సింగిల్ కాయిల్ నుంచి వస్తోందేమో తెలుసుకోవడం తేలిక: గిటార్ పట్టుకుని నిలబడి గుండ్రంగా తిరిగినప్పుడు హమ్ హెచ్చుతగ్గులైతే అది పికప్‌ది. మా ఫ్లాట్‌లో హాలు ప్లగ్‌కు ఎర్త్ తీగే కలపలేదని ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే తేలింది. పన్నెండేళ్లుగా అదే ప్లగ్‌లో టీవీ నడిచింది.

పవర్ ట్యూబ్‌లు అరిగే వస్తువులు. నెలనెలా ప్రదర్శనలిచ్చేవారికి ఏడాది రెండేళ్లకు ధ్వని మందగిస్తుంది. నాలాంటి శనివారపు వాయింపుకు ఇంకా ఎక్కువకాలం వస్తాయి, ముందు దశ చిన్న ట్యూబ్‌లు అంతకన్నా మన్నుతాయి. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వులు తయారుచేసేది. కోఠి గుజరాతీ గల్లీలో అడుగుతూ పోతే ఒక పెద్దాయన, "బాబూ, అవి మా నాయన కాలం సరుకు" అని నవ్వి పంపేశారు. ఇప్పుడు గిటార్ ట్యూబ్‌లు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తాయి. 2022లో రష్యా ఎగుమతుల గందరగోళంతో ధరలు ఎగబాకాయి, కాబట్టి ఒక జత ఈఎల్34లు ముందే కొని అలమరలో పెట్టుకోవడం తప్పు కాదు. వాటిని మార్చినప్పుడు బయస్ (ట్యూబ్‌లో ఊరకే ప్రవహించే కరెంటు మోతాదు) సరిచూడడం ఇంట్లో చేసే పని కాదు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

ఈ ఆంప్ ఎవరికి వద్దు అంటే, ఇంట్లో రాత్రి పదకొండుకు హెడ్‌ఫోన్‌తోనే వాయించేవారికి వద్దు. వారికి బాస్ కంపెనీ కటానా వంటి మోడలింగ్ ఆంప్ (ట్యూబ్ ధ్వనిని డిజిటల్‌గా అనుకరించేది) సగంకన్నా బాగా తక్కువ ధరకు, అర వాట్ స్థాయిలోనూ నిండుగా పలుకుతుంది, బరువూ తక్కువే. బ్యాండ్ లేనివారు ట్యూబ్ ఆంప్ కొంటే డబ్బులో ఎక్కువ భాగం వినని ధ్వనికే పెట్టినట్టు. ఇంకో మాట, మా లిఫ్ట్ చెడిపోయిన రెండు శనివారాల్లో నాలుగు అంతస్తుల మెట్లు దింపి, రాత్రి మళ్లీ ఎక్కించినప్పుడు నేనే ఈ కొనుగోలును రెండుసార్లు పునరాలోచించాను.

దుకాణానికి వెళ్లేవారు సొంత గిటార్, సొంత కేబుల్ తీసుకెళ్లాలి. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్తే కుర్రాళ్లు కాస్త వాల్యూమ్ పెంచనిస్తారు. అన్నిటికన్నా మంచిది, మీరు కొనదలచిన ఆంప్ ఉన్న జామ్ రూమ్‌ను వెతికి రెండు గంటలు అద్దెకు తీసుకుని, డ్రమ్మర్‌ను వెంటబెట్టుకుని వాయించి చూడడం. లక్షకు దగ్గరపడే కొనుగోలు ముందు ఆ అద్దె చిల్లరే.

ప్రస్తుతం నా వరుస ఇది: గిటార్ నుంచి ట్యూనర్, ఎస్‌డీ-1, ర్యాట్, అక్కడి నుంచి ఆంప్ ముందు జాక్, డిలే, వాల్యూమ్ డబ్బా వెనక లూప్‌లో. క్లాసిక్ ఛానల్‌లో గెయిన్ ఆరున్నర. టీఎస్9ను మిత్రుడికి తిరిగిచ్చేశాను. డీఎస్-1ను మా బాసిస్ట్ తమ్ముడికి తక్కువ ధరకు అమ్మాను. అతని దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్ ఉంది, దాని మందమైన గొంతులో ఆ నారింజ డబ్బా నా దగ్గర ఎన్నడూ పలకనంత బాగా పలుకుతోంది.